తురాయి చెప్పిన కథ

మా ఇంట్లో మందుల డబ్బా అలమార పై అరలో ఉంటుంది. ఎన్నడో బిస్కట్లతో కొనుక్కొచ్చిన రేకు డబ్బా. బిస్కట్లు పిల్లలు తిన్నారు, డబ్బా నాకు మిగిలింది. పోయిన సంక్రాంతికి నాలుగు రోజుల ముందు రక్తపోటు మాత్ర కోసం అందులో చెయ్యి పెడితే చిన్న గాజుసీసా ఒకటి వేళ్లకి తగిలింది. నాది కాదు. కళ్లజోడు చాలక భూతద్దం తెచ్చి చదివాను. టెస్టోస్టెరోన్ అని రాసి ఉంది.

గుండె ఝల్లుమంది. ఎందుకంటారా? ఆ పదార్థాన్ని ఒంట్లోంచి వెళ్లగొట్టడానికే కదా నేను ఏడాదిన్నరగా మూడు నెలలకోసారి గుడివాడ నించి బెజవాడ వెళ్లి పొట్టమీద సూది పొడిపించుకొస్తున్నాను! నాకు ప్రోస్టేట్ గ్రంథిలో కేన్సరు. ఆ కేన్సరుకి ఈ టెస్టోస్టెరోనే మేత. మేత ఆపితే అది పడుకుంటుందని డాక్టరుగారు చెప్పారు. మరి ఈ సీసా ఎవరిదీ అంటే, ఇరవై మూడేళ్ల మా మనవడిది. ఉదయం సాయంత్రం జిమ్ముకి వెళ్లి ఇనుము ఎత్తుతాడు. చొక్కా చేతులు చిరిగిపోయేంత కండ నాలుగు నెలల్లో వచ్చింది. మినపసున్ని మహిమ అని వాళ్ల నాయనమ్మ మురిసిపోతోంది.

ఒకే కొంపలో తాత డబ్బిచ్చి తలుపు మూయించుకుంటూంటే, మనవడు డబ్బిచ్చి అదే తలుపు బార్లా తెరిపించుకుంటున్నాడన్నమాట!

ముప్పై ఏళ్లు బళ్లో చరిత్ర చెప్పినవాణ్ణి. కోపం వస్తే నలుగురూ కర్ర తీస్తారు, నేను పుస్తకం తీస్తాను. ఆ పూటంతా ఈ పదార్థం పుట్టుపూర్వోత్తరాలు చదివాను. చదివితే తేలిందేమిటయ్యా అంటే, ఈ కథ మొదలైంది ఏ మందుల కంపెనీలోనూ కాదు, కోడిపుంజు నెత్తిన!

చట్టం ఎంత కాదన్నా, సంక్రాంతి వస్తోందంటే మా వైపు ఏ పెరట్లో చూసినా కాలికి తాడేసి కట్టిన పుంజు కనిపిస్తుంది. డేగా, కాకా, నెమలా అని రంగు చూసేవాళ్లు కొందరైతే, ఎర్రగా నిలబడ్డ తురాయి చూసి దాని పౌరుషం కొలిచేవాళ్లు కొందరు. మనవాళ్లు మరో సంగతి కూడా ఏనాడో కనిపెట్టారు. కోడెదూడకి విత్తులు కొట్టిస్తే పొగరు దిగి, కాడి కింద మెడపెట్టే ఎద్దవుతుంది. కొట్టించకుండా వదిలేస్తే ఆంబోతై ఊరిమీద పడుతుంది. మన భాషలో పడుచుదనానికి కోడెవయసు అని పేరు పెట్టిన మహానుభావుడెవరో గాని, శరీరశాస్త్రం తెలిసినవాడే.

అయితే విత్తులు పోతే పొగరు ఎందుకు పోతుందో ఎవరూ అడగలేదు. అడిగినవాడు జర్మనీలో గాటింజన్ ఊరి ప్రొఫెసరు బెర్తోల్డ్. ఆయన ఆరు పుంజుపిల్లల్ని పట్టుకుని విత్తులు తీసేశాడు. కొన్నిటిని అలాగే వదిలేశాడు. మరికొన్నిటికి తీసిన విత్తును పొట్టలోనే, పేగుల మధ్య, వేరేచోట పెట్టి కుట్టేశాడు. మొదటి రకానికి తురాయి పాలిపోయి ముడుచుకుంది. కూత లేదు, పోట్లాట లేదు, పెట్టవైపు చూపు లేదు. రెండోరకం మాత్రం సలక్షణంగా ఎర్ర తురాయితో పెరిగి, కూసి, కాలుదువ్వింది. విత్తుకున్న పాత నరాలన్నీ తెగిపోయాయి కదా, మరి కబురు తలదాకా ఎలా చేరింది? నెత్తురులో కలిసి చేరిందన్నాడు బెర్తోల్డ్. ఇది 1849 నాటి మాట. హార్మోన్ అనే పేరు పుట్టడానికింకా యాభైఆరేళ్లుంది. ఆయన మాట అప్పట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

ఆ తరవాత రంగంలోకి దిగినవాడు నాబోటి ముసలాయన. 1889లో పారిస్‌లో బ్రౌన్ సెకార్ అనే పెద్ద శరీరశాస్త్రజ్ఞుడు, డెబ్భైరెండేళ్లవాడు, కుక్కల విత్తులూ గినీపందుల విత్తులూ నూరి, ఆ రసం తనకే సూది వేసుకున్నాడు. వేసుకుని, మళ్లీ పడుచుతనం వచ్చిందని సభలో ప్రకటించాడు. దేశదేశాల ముసలివాళ్లు ఎగబడ్డారు. తీరా ఇప్పుడు తెలిసిందేమంటే, ఈ హార్మోను నీళ్లలో కరిగే సరుకు కాదు. ఆ రసంలో అది ఉన్నదెంత, ఆయన ఒంట్లో పనిచేసిందెంత? ఆయనకొచ్చిన బలం నమ్మకం బలం.

నిజమైన సరుకు పట్టుకోవడానికి మళ్లీ కోడే దిక్కయింది. 1920లలో షికాగోలో రసాయన శాస్త్రజ్ఞులు ఎద్దుల విత్తుల్లోంచి సారం తీసి, విత్తులు లేని పుంజుకి ఎక్కించి, తురాయి ఎంత పెరిగిందో కొలబద్ద పెట్టి కొలిచేవారు. తురాయి పెరిగితే సరుకు ఉన్నట్టు, పెరక్కపోతే లేనట్టు. మన బంగారపు కొట్లో గీటురాయి ఎలాగో, వాళ్లకి తురాయి అలాగ. 1931లో జర్మనీలో బ్యూటెనాంట్ అనే యువకుడు పోలీసు జవాన్ల మూత్రం వేల లీటర్లు పోగేసి, మరిగించి, వడపోసి, ఇదే జాతి పదార్థం 15 మిల్లీగ్రాములు తీశాడు. పోలీసులే ఎందుకంటే, బహుశా బారకాసుల్లో అందరిదీ ఒక్కచోట దొరుకుతుందని కాబోలు! 1935లో ఆమ్‌స్టర్‌డామ్‌లో లాకూర్ బృందం ఎద్దుల విత్తుల్లోంచి అసలు హార్మోన్నే తీసి టెస్టోస్టెరోన్ అని నామకరణం చేసింది. వంద కిలోల విత్తులకి వచ్చింది పది మిల్లీగ్రాములు. అదే ఏడు బ్యూటెనాంటూ, రుజిచ్కా అనే మరో ఆయనా ఎవరికి వారు దాన్ని కొలెస్టరాల్ నించి ప్రయోగశాలలో తయారుచేసేశారు. ఇక ఎద్దులతో పనిలేదు. 1939లో ఇద్దరికీ నోబెల్ బహుమానం వచ్చింది. హిట్లరు ప్రభుత్వం పుచ్చుకోనివ్వక బ్యూటెనాంట్ అప్పుడు వదులుకోవలసి వచ్చిందనుకోండి, అది వేరే కథ.

ఇక్కడినించి దారి రెండుగా చీలింది. ఒక దారి మావాడిది, రెండోది నాది.

మావాడి దారి ముందు చెబుతాను. టెస్టోస్టెరోన్‌కి రెండు గుణాలు. ఒకటి మీసం, గొంతు, మగలక్షణాలు ఇవ్వడం. రెండోది కండ పెంచడం. మొదటిది తగ్గించి రెండోది మిగల్చాలని రసాయనవేత్తలు అణువుని అటు వంచి ఇటు వంచి చూశారు. అలా పుట్టినవే అనబాలిక్ స్టెరాయిడ్లు. రెండు గుణాల్నీ పూర్తిగా విడదీసిన మొనగాడు మాత్రం ఇప్పటిదాకా లేడు. కాలిన ఒళ్లు కోలుకోవడానికీ, చిక్కి శల్యమైన రోగులకీ అవి పనికొచ్చాయి, కాదనను. కాని 1954లో వియన్నా బరువుల పోటీలకి వెళ్లిన అమెరికా డాక్టరు జీగ్లర్, రష్యావాళ్లు టెస్టోస్టెరోన్ వాడుతున్నారని విని వచ్చాడు. 1958లో డయనబాల్ మాత్ర అమెరికా బజారులోకి వచ్చింది. ఆయన తన వస్తాదులకి కొద్దికొద్దిగా ఇస్తే, వాళ్లు గుప్పెళ్లతో మింగడం మొదలెట్టారు. చివరికి ఆ పని మొదలెట్టినందుకు ఆయనే నొచ్చుకున్నాడు. 1976 మాంట్రియల్ ఒలింపిక్సులో వీటికి తొలిసారి పరీక్షలు పెట్టారు. 1988లో సియోల్‌లో బెన్ జాన్సన్ వంద మీటర్లు 9.79 సెకండ్లలో పరుగెత్తి, మూడు రోజులు తిరక్కుండానే పతకం తిరిగిచ్చేసిన సంగతి నా ఈడువాళ్లకి గుర్తే ఉంటుంది.

నా దారి 1941లో మొదలైంది. షికాగోలోనే చార్లెస్ హగ్గిన్స్ అనే డాక్టరు, ప్రోస్టేట్ కేన్సరు ముదిరి ఎముకల్లోకి పాకిన రోగులకి విత్తులు తీసేస్తే నొప్పులు తగ్గి లేచి కూర్చున్నారని చూపించాడు. 1966లో ఆయనకీ నోబెల్ వచ్చింది. మన కోడెదూడకి చేసిందే, మనిషి ప్రాణం నిలబెట్టడానికి చేశాడన్నమాట. కత్తి అక్కర్లేని మందులు తరవాత వచ్చాయి. 1960లలో బెర్లిన్‌లో మరేదో పనికోసం తయారుచేసిన మందు ఒకటి చూలుతో ఉన్న ఎలకలకిస్తే, పుట్టిన మగపిల్లలు ఆడపిల్లల్లా కనిపించాయి. సైప్రొటెరోన్ అనే మొదటితరం విరుగుడు అలా బయటపడింది. ఆ వరసలోనే ఫ్లూటమైడ్, బైకాలుటమైడ్ వచ్చాయి.

ఇదంతా చదివి, మర్నాడు మావాణ్ణి అరుగుమీద కూర్చోబెట్టాను. సీసా వాడి ముందు పెట్టాను.

"నా పెట్టె ఎందుకు తీశావు తాతయ్యా?" అన్నాడు.

"నీ పెట్టె కాదురా, నా డబ్బాలోనే ఉంది."

"అక్కడైతే ఎవరూ చూడరనుకున్నాను. అయినా అందరూ వేసుకుంటున్నారు. రెండు నెలలు వేసుకుని ఆపేస్తారు. ఏంకాదు."

"కాలువ సంగతి తెలుసా నీకు?" అన్నాను. కృష్ణా డెల్టాలో పుట్టినవాడికి కాలువతో చెబితే అర్థమవుతుందని నా ఆశ. "మెదడు బెజవాడ బ్యారేజీ అనుకో. అక్కణ్ణించి గేటెత్తితేనే కాలువలో నీళ్లొస్తాయి. చేలో నీళ్లు చాలినై అని కబురు వెళితే గేటు దించుతారు. నాకు డాక్టరుగారు చేసింది ఆ గేటు దించేయడం. నాకు మొదట్లో మాత్రలు కూడా ఇచ్చారు చూశావూ, అవి చేలో తూము నోట్లో గడ్డి కుక్కడం. నీళ్లున్నా లోపలికి పోవు. ఇక నువ్వు చేస్తున్నదేమిటి? పక్కన బోరు వేసి చేనంతా ముంచుతున్నావు. బ్యారేజీవాడు చూస్తాడు, నీళ్లు నిండుగా ఉన్నాయి కదా అని గేటు బిగిస్తాడు. నీ కాలువ ఎండి పూడిపోతుంది. విత్తులు చిన్నబోతాయి, బీజకణాలు ఆగిపోతాయి. బోరు ఆపేసిన రోజున చేనుకి అదీ లేదు, ఇదీ లేదు. పూడిక తీయడానికి నెలలు పడుతుంది, ఒక్కొక్కరికి ఏడాది దాటుతుంది."

వాడు మాట్లాడలేదు. నెత్తురు చిక్కబడుతుందనీ, గుండె కండ మందమవుతుందనీ, మాత్రల రకమైతే లివరు చెడుతుందనీ కూడా చెప్పాను. వినీ విననట్టు కూర్చున్నాడు. ఆఖర్న ఒక మాట అన్నాక తలెత్తాడు. "ఎక్కువైన టెస్టోస్టెరోన్ కొంత ఆడ హార్మోనుగా మారుతుందిరా. మగపిల్లలకి రొమ్ములొస్తాయి. నేను మింగిన మాత్రలకీ అదే ఇబ్బంది. తాతకి లేకపోయినా అదే, మనవడికి ఎక్కువైనా అదే!"

వాడి చెయ్యి చొక్కా గుండీల దగ్గరికి వెళ్లి ఆగింది. నాకు అర్థమైంది. అడగలేదు.

కాసేపటికి గొంతు తగ్గించి, "మరి ఏ మందూ లేకుండా ఇంత కండ ఎవడికొస్తుంది తాతయ్యా?" అన్నాడు.

"కోడి రామమూర్తికి వచ్చిందిరా" అన్నాను. 1882లో వీరఘట్టంలో పుట్టి, గొలుసులు తెంచి, ఏనుగుని గుండెలమీద ఎక్కించుకుని కలియుగ భీముడనిపించుకున్న మనిషి. టెస్టోస్టెరోన్ తయారైన 1935 నాటికి ఆయనకి యాభై దాటాయి. ఆయన కండంతా సాములో, తిండిలో, ఏళ్ల తరబడి కసరత్తులో వచ్చిందే. ఇంటిపేరులో కోడి ఉండడం మాత్రం నా కథకి బాగా కుదిరింది.

వాడు నవ్వాడు. నవ్వి, "నీకెలా ఉంటోంది ఆ సూదితో?" అని అడిగాడు. ఏడాదిన్నరలో ఆ ప్రశ్న ఇంట్లో ఎవరూ సూటిగా అడగలేదు. ఉన్నమాట చెప్పాను. కండ కరిగింది, మెట్లెక్కితే ఆయాసం, ఎముకలు పలచబడకుండా వేరే మాత్ర. ఉన్నట్టుండి ఒంట్లోంచి ఆవిర్లొస్తాయి, మాఘమాసంలో కూడా ఫ్యాను వేయమంటాను. "మాకు యాభైలో వచ్చినవే మీకు డెబ్భైఆరులో వచ్చాయి, ఇన్నాళ్లకి తెలిసింది" అంటుంది వాళ్ల నాయనమ్మ. తురాయి వాడిన పుంజుని నేను. అయినా పొద్దున్నే లేచి పేపరు చదువుతున్నాను, అది చాలు.

పండగ వెళ్లాక నా సూది రోజు వచ్చింది. బస్సెక్కబోతూంటే వాడూ ఎక్కి పక్కన కూర్చున్నాడు. బెజవాడలో ఇద్దరం ఒకే బల్లమీద కూర్చుని రక్తం ఇచ్చాం. నా కాగితంలో టెస్టోస్టెరోన్ ఎంత తక్కువుంటే అంత సంతోషం. వాడి కాగితంలో బయటి సరుకు చాలా ఉంది, బ్యారేజీ నించి రావలసిన కబురు మాత్రం దాదాపు సున్నా. డాక్టరుగారు వాణ్ణి తిట్టలేదు. సూదులు ఆపమన్నారు, మూడు నెలలాగి మళ్లీ పరీక్ష చేద్దామన్నారు, ఈలోగా నీరసం, దిగులు వస్తే దాచుకోకుండా రమ్మన్నారు.

ఆ సీసా ఏం చేశాడో అడగలేదు. డబ్బాలో మాత్రం లేదు. చొక్కా చేతులు కొంచెం వదులయ్యాయి. ఒక్కోరోజు మొహం వేలాడేసుకుని పడుకుంటాడు. ఆ పూట వాళ్ల నాయనమ్మ సున్నుండ చేతిలో పెడుతుంది, నేను కాలవగట్టు మీదికి నడకకి తీసుకెళ్తాను. ఇద్దరం మెల్లిగానే నడుస్తాం. వాడి రెండో పరీక్ష వచ్చే నెల్లో, నా సూదితో పాటే.