బ్యాటరీ బండి బలము ఎక్కడ పోవును?

తాడేపల్లిగూడెమునకును ఏలూరునకును నడుమనున్న ఉంగుటూరు ప్రాంతమున కాలువ క్రింద వరి పండించు రైతులకు ఒక సంగతి తెలియును. పంట బోదె చివర గట్టు వేసి నీటిని నిలిపినచో, మొదటినుండి శివారు వరకు నీటిమట్టము ఒక్కటిగనే కన్పించును. నడుమ పూడిక ఎక్కడ ఉన్నదో, గుర్రపుడెక్క ఎక్కడ అడ్డుపడినదో అప్పుడు తెలియదు. గట్టు తెంచి నీటిని పారించినప్పుడు మాత్రమే అడ్డునకు ఎగువ మట్టము హెచ్చుగను, దిగువ తక్కువగను కన్పించును. నిలిచిన నీరు లోపమును దాచును. పారు నీరు దానిని బయటపెట్టును.

బ్యాటరీతో నడచు బండి బలహీనపడినప్పుడు కారణమును కనుగొను సూత్రము కూడ ఇదియే. చూచుటకు చిన్నదైన ఈ సూత్రము వెనుక సుమారు నూరేండ్ల శాస్త్ర చరిత్ర కలదు.

ఎడతెగని విద్యుత్ప్రవాహమును ఇచ్చు మొదటి సాధనమును ఇటలీ దేశీయుడైన వోల్టా 1800లో లోకమునకు తెలిపెను. అది వచ్చిన తరువాత పరిశోధకులకు ఒక చిక్కు ఎదురయ్యెను. ప్రవాహము తీయుచున్నకొలది ఘటము బలము మారిపోవుచుండుటచేత కొలతలు నిలకడగ వచ్చెడివి కావు. జర్మనీలో కొలోన్ నగరపు ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుడుగ పనిచేసిన గియోర్గ్ సైమన్ ఓమ్ ఈ చిక్కును విడదీసెను. అతడు వోల్టా ఘటమును విడిచి, రెండు లోహముల అతుకులను వేరువేరు ఉష్ణోగ్రతలలో ఉంచుటవలన పుట్టు నిలకడయైన ప్రవాహమును ఉపయోగించెను. 1827లో ప్రకటించిన గ్రంథమున ప్రవాహమునకును నిరోధమునకును గల సంబంధమును వివరించెను. వెలుపలి తీగకే గాక, విద్యుత్తును పుట్టించు సాధనమునకు కూడ స్వంత నిరోధము ఉండునని అతని సూత్రము తెలుపును. మొదట స్వదేశమున ఆదరణ తక్కువైనను, 1841లో లండన్ రాయల్ సొసైటీ అతనికి కోప్లీ పతకమునిచ్చి గౌరవించెను.

మరల మరల చార్జి చేయదగిన సీసపు ఘటమును 1859లో ఫ్రాన్సు దేశపు గాస్టన్ ప్లాంటే నిర్మించెను. 1881లో కమీల్ ఫోర్ సీసపు పలకలకు సీసపు ఆక్సైడు ముద్దను పూసి, అదే పరిమాణమున ఎక్కువ శక్తి నిలువయుండునట్లు చేసెను. ఆ సంవత్సరముననే పారిస్ వీధులలో గుస్తావ్ త్రూవే విద్యుత్తుతో నడచు మూడు చక్రముల బండిని నడిపించెను. మరుసటి ఏట ఇంగ్లండులో గ్లాడ్‌స్టన్, ట్రైబ్ అనువారు, ఘటము ఖర్చగుకొలది రెండు పలకల మీదను సీసపు సల్ఫేటు ఏర్పడునని, గంధకికామ్లము తగ్గిపోవునని వివరించిరి. అందువలన ఆమ్లపు సాంద్రతయే ఘటపు నాడియైనది. నిండుగ చార్జి అయిన ఘటమున దాని సాపేక్ష సాంద్రత సుమారు 1.27, పూర్తిగ ఖర్చైనప్పుడు సుమారు 1.13. ఒక్క హైడ్రోమీటరుతో ఈ భేదమును చూడవచ్చును. 1897లో జర్మనీ దేశపు ప్యూకర్ట్ మరొక సత్యమును చూపెను: సీసపు ఘటమునుండి విద్యుత్తును ఎంత వేగముగ లాగిన, మొత్తము మీద అంత తక్కువగ లభించును.

1899 ఏప్రిల్ 29న పారిస్ సమీపమున జెనాట్జీ నడిపిన బ్యాటరీ కారు గంటకు 100 కిలోమీటర్ల వేగమును దాటెను. అంతకుముందు ఏ కారును ఆ హద్దు దాటలేదు. అయినను 1912లో కెట్టరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు పెట్రోలు కార్లకు అమర్చబడి, చేతితో తిప్పి స్టార్టు చేయు కష్టము తీరెను. విచిత్రమేమనగా, ఆ స్టార్టరు కూడ సీసపు బ్యాటరీతోనే పనిచేసెను. తరువాత బ్యాటరీ బండ్లు కర్మాగారములకును, రైల్వే ప్లాట్‌ఫారములకును, ఇంగ్లండులో పాల సరఫరాకును పరిమితమైనవి. అమెరికాలో గాల్ఫు మైదానములు వీటికి మరొక ఆశ్రయమైనవి. 1951లో కాలిఫోర్నియాలో మార్కెటీర్ సంస్థ, 1954లో జార్జియాలో ఈజీగో సంస్థ గాల్ఫు బండ్ల తయారీ మొదలుపెట్టినవి. తెలుగునాట 1985లో తిరుపతి ప్రాంతమున అమరరాజా సంస్థ ప్రారంభమై, సీసపు బ్యాటరీల తయారీలో పేరుపొందెను. భారతదేశమున 2015లో మోటారు వాహనముల చట్టమును సవరించి ఈ-రిక్షాలకు స్థానము కల్పించిరి. పెద్ద రైల్వే స్టేషన్లలో నడవలేనివారిని చేరవేయు బ్యాటరీ కార్లు ఈ కుటుంబములోనివే.

ఇక అసలు పరీక్షకు వత్తము. పాత గాల్ఫు బండ్లలో సాధారణముగ 6 వోల్టుల బ్యాటరీలు ఆరింటిని వరుసగ కలుపుదురు. చార్జి అయిన తరువాత బండి కదలక నిలిచియున్నప్పుడు ఒక్కొక్కటి సుమారు 6.3 వోల్టులు చూపును. ఒకటి 6.1 చూపినను మొత్తము 37.6 వోల్టులు ఉండును. ఈ అంకెను చూచి అంతయు బాగున్నదని అనుకొనుట సులభము. కాని అదే బండి బరువుతో మెరక ఎక్కుచు 100 ఆంపియర్లు లాగుచున్నదనుకొనుడు. అప్పుడు అయిదు బ్యాటరీలు 5.8 వోల్టుల చొప్పున నిలిచి, ఆరవది 4 వోల్టులకు దిగిపోయినచో, దోషము దానిలోనే ఉన్నదని తేలిపోవును. వరుసలో అన్నింటిగుండ ఒకే ప్రవాహము పారవలెను గనుక ఒక్క బలహీన ఘటము బండినంతటిని వెనుకకు లాగును. అది ముందుగ ఖర్చైపోయినను తక్కినవి దానిగుండ ప్రవాహమును నెట్టుచునే యుండి, చివరకు దానిని తలక్రిందుగ చార్జి చేసి మరింత చెరచును.

దోషము ఎల్లప్పుడు బ్యాటరీలోనే ఉండదు. తుప్పుపట్టిన ఒక బిగింపు వద్ద 0.02 ఓముల నిరోధము ఉన్నదనుకొనుడు. 2 ఆంపియర్లు పారునప్పుడు అచట పోవునది 0.04 వోల్టు మాత్రమే, ఎవరికిని కన్పించదు. 100 ఆంపియర్లు పారునప్పుడు 2 వోల్టులు పోవును. 200 వాట్ల శక్తి ఆ ఒక్క చోటనే వేడిగ మారును. బండి నడచుచుండగ బిగింపునకు ఇరువైపుల వోల్టుమీటరు తగిలించినచో ఈ నష్టము వెంటనే తెలియును. బోదెలో పూడికకు ఎగువ దిగువ మట్టములను కొలుచుటయు ఇటువంటిదే.

కాబట్టి పరీక్షకు ఒక క్రమము కలదు. మొదట కన్నులతో చూడవలెను: టైర్లలో గాలి తగ్గినదా, బ్రేకు పట్టివేయుచున్నదా, తీగలు వదులైనవా? పిదప నిలిచియున్నప్పుడు ఒక్కొక్క బ్యాటరీ వోల్టులను, మూతలు తీయదగినవైనచో ఒక్కొక్క అరలోని ఆమ్లపు సాంద్రతను వ్రాసికొనవలెను. తరువాత బరువు మీద అవే వోల్టులను, అటుపై బిగింపులను కొలువవలెను. ఇవన్నియు సరిగనున్నప్పుడే మోటారును, దాని బ్రష్షులను, నియంత్రకమును అనుమానింపవలెను. పలకలు నీటిపైకి తేలినచో వాటిని కప్పునంతవరకే స్వేదనజలము పోసి చార్జి చేసి, చార్జి పూర్తియైన పిదప తగిన మట్టమునకు నింపవలెను, ఆమ్లము పోయరాదు. చార్జి అగునప్పుడు హైడ్రోజను వెలువడును గనుక నిప్పురవ్వ దగ్గరకు రానీయరాదు. కండ్లకు అద్దములు, చేతులకు తొడుగులు ఉండవలెను. లిథియం బ్యాటరీలలో హైడ్రోమీటరుకు పనిలేదు. వాటిని విప్పి చూచుట అపాయము. అయితే బరువు మీదనే బలము తెలియునను సూత్రము వాటికిని వర్తించును.

ఈ క్రమము పాటింపక, బండి మందగించినదని బ్యాటరీల వరుసనంతటిని మార్చుట అద్దె బండితో జీవించువానికి పెద్ద దెబ్బ. ఒక బిగింపును శుభ్రపరచిన తీరు లోపమునకు అతడు ఆరు బ్యాటరీల వెల చెల్లించును. పారవేసిన ప్రతి బ్యాటరీలోను సీసము, ఆమ్లము ఉండును. సీసము శరీరమున చేరినచో నరములకు, ముఖ్యముగ పిల్లల మెదడునకు కీడు చేయును. అందుచేతనే పాత బ్యాటరీలను తిరిగి సేకరించుటకు భారత ప్రభుత్వము 2001లోను, మరల 2022లోను నియమములు చేసెను. ఎగువ కాలువల నీరు, మురుగు వచ్చి చేరు కొల్లేటి సీమలో ఈ జాగ్రత్త మరింత అవసరము. ఆ సరస్సు 2002లో రామ్‌సర్ ఒప్పందపు చిత్తడి నేలల జాబితాలో చేరెను.

పాఠశాలలో ఈ సూత్రమును చూపుటకు బండి అక్కరలేదు. ఒక పాత టార్చి ఘటము, ఒక చిన్న బల్బు, ఒక వోల్టుమీటరు చాలును. బల్బు కలపకముందు వోల్టుమీటరు చూపిన అంకెను, కలిపిన తరువాత చూపిన అంకెను విద్యార్థులు ప్రక్కప్రక్కన వ్రాసికొనవలెను. క్రొత్త ఘటముతో మరల చేసి చూచినచో, నిలిచియున్నప్పుడు స్వల్పముగ కన్పించిన భేదము బల్బు వెలుగునప్పుడు ఎంత పెరుగునో వారికే తెలియును.