చుండూరులో పింఛను నడిచిన దారి

ఆంధ్రప్రదేశ్‌లోని చుండూరు పేరు దేశమంతా విన్నది 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపినప్పుడు. ఆ రోజుకు ముందు వారాలపాటు ఆ ఊళ్లో దళితులపై సాంఘిక బహిష్కరణ సాగింది. హత్యల మీద రాసినంతగా ఈ బహిష్కరణ మీద ఎవరూ రాయలేదు. సంక్షేమ చరిత్రకు మాత్రం ముఖ్యమైనది అదే. పొలం పనికి పిలుపు ఆగిపోయాక ముసలివాళ్లను, రోగులను, పసిపిల్లలను చూసుకోవడానికి ఊరు లేదు. ఊచకోత తరవాత బతికి బయటపడ్డవాళ్లు తలదాచుకున్నది తెనాలిలోని సాల్వేషన్ ఆర్మీ ఆవరణలో. వెనకటి రోజుల్లో ఊరే అందరినీ ఆదుకునేదని, సర్కారు వచ్చి ఆ బంధాన్ని తెంచిందని చెప్పేవాళ్లకు చుండూరు ఇచ్చే జవాబు చేదుగా ఉంటుంది. ఊరి దయ కొలతలో కులం ఎప్పుడూ ఉంది. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో అంబేద్కర్ గ్రామాన్ని సంకుచితత్వపు గుంటగా తప్పుపట్టింది ఊరికే కాదు.

కాబట్టి ఈ ప్రాంతంలో సంక్షేమం ఎంత పెరిగిందన్నది సగం కథే. ఆ డబ్బు ఎవరి చేతి మీదుగా వచ్చిందన్నది మిగతా సగం. 1984లో మునసబు, కరణాల వ్యవస్థ రద్దయింది. ఎవరు బీదవాళ్లో తేల్చే మాట ఒకే ఇంటి వారసత్వంగా ఉండే రోజులు దాంతో పోయాయి. 1993లో 73వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చి, పంచాయతీలకు అప్పగించదగ్గ 29 అంశాల్లో వికలాంగుల సంక్షేమాన్ని, బలహీన వర్గాల సంక్షేమాన్ని కూడా చేర్చింది. కాగితం మీద ఉదారమే, ఖజానా తాళం చెవి మాత్రం హైదరాబాదులోనే ఉండిపోయింది. 1995లో కేంద్రం మొదలుపెట్టిన వృద్ధాప్య పింఛను నెలకు 75 రూపాయలు. రాష్ట్రంలో అది 2014లో వెయ్యికి, 2024లో నాలుగు వేలకు చేరింది. వికలాంగులకు ఆరు వేలు. మొత్తం పెరిగేకొద్దీ దాన్ని పంచే చెయ్యి కూడా విలువైనదయింది. 2014 తరవాత జన్మభూమి కమిటీలు, 2019 నుంచి యాభై ఇళ్లకొక వాలంటీరు, 2024 జులై నుంచి గ్రామ సచివాలయ సిబ్బంది. ప్రభుత్వం మారినప్పుడల్లా చెయ్యి మారింది.

సర్పంచుల సంఘాలు చాలాకాలంగా లేవనెత్తుతున్న అభ్యంతరం న్యాయమైనదే: ఎన్నికైన పంచాయతీని పక్కనపెట్టి పింఛను రాజధాని నుంచి నేరుగా గడప దాకా వస్తే స్థానిక పాలనకు మిగిలేది వీధి దీపాలే. అయితే చుండూరు లాంటి చోట ఈ వాదాన్ని మొత్తంగా ఒప్పుకోవడం కష్టం. జాబితా ఊరి పెద్దల నోట్లో లేకుండా, అర్హత నిబంధనలో ఉండటమే వెలివేయబడ్డవాళ్లకు దక్కిన రక్షణ. రిజర్వేషన్లతో ఎన్నికైన పాలకవర్గాన్ని పాత ఊరి పెద్దలతో పోల్చడం అన్యాయమంటారేమో. నిజమే, రెండూ ఒకటి కావు. అయినా పేరు ఉంచడం, తీసేయడం ఎవరి ఇష్టానికీ వదలకూడదని 1991 నేర్పింది.

అలాగని దూరంగా ఉన్న చెయ్యి నిష్పక్షపాతంగా ఉంటుందని కూడా అనలేం. 2024 ఎన్నికల ముందు వాలంటీర్లను పంపిణీ నుంచి తప్పించాలని ఎన్నికల సంఘం ఆదేశించడంతో, ఏప్రిల్ ఎండల్లో ముసలివాళ్లు సచివాలయాల ముందు బారులు తీరారు. అధికార, ప్రతిపక్ష పార్టీలు ఒకదాన్నొకటి తిట్టుకున్నాయి. ఆ గొడవలో ఎవరూ పెద్దగా గమనించనిదొకటుంది: చెయ్యి ఆగినా పేరు జాబితాలోంచి పోలేదు. 2025లో దీనికి తిరగేసినట్టుగా జరిగింది. చెయ్యి గడప దాకా వస్తూనే ఉంది, వికలాంగుల పేర్లు మాత్రం పునఃపరిశీలనకు వెళ్లాయి. వైకల్యం 40 శాతం ఉందో లేదో వైద్యులు మళ్లీ చూశారు, చాలామందికి నోటీసులు అందాయి. అనర్హులను ఏరివేయాల్సిందేనన్న వాదన తప్పు కాదు. కానీ మంచం దిగలేని మనిషిని రోజూ చూసే పొరుగువాళ్ల సాక్ష్యానికి ఆ పరీక్షలో చోటు లేదు. పంచాయతీకి నిజంగా ఇవ్వదగిన పని ఇక్కడే కనిపిస్తుంది. పేరు కొట్టేసే అధికారం దానికి అక్కర్లేదు. కొట్టేసిన పేరు మీద కారణం అడిగి, గ్రామసభలో చదివి వినిపించి, మాలపల్లె మాట కూడా రికార్డులోకి ఎక్కించే బాధ్యత ఇస్తే చాలు.