తగిలిందంటే తగిలినట్టే

కోతలు, నూర్పులు అయ్యాక నాగావళి, వంశధార ఒడ్డు ఊళ్లలో కళ్లాలు ఖాళీ అవుతాయి. సంక్రాంతికి ఊరికి చేరిన కుర్రాళ్లు గుప్పెడు సున్నంతో నడిమి గీత గీస్తారు. అదే చెడుగుడు బరి.

అలాంటి ఒక కళ్లంలో చూసిన సంగతి ఇది. కూతకెళ్లిన కుర్రాడు అవతలి మూలదాకా వెళ్లి, కాలు చాపి, చటుక్కున వెనక్కి తిరిగి గీత దాటాడు. తగిలిందో లేదో గట్టు మీద కూర్చున్న మాకెవరికీ తెలియలేదు. రిఫరీగా నిలబడ్డ మాస్టారికీ తెలియలేదు. ఆయన ఈల నోట్లోనే పెట్టుకుని అటూ ఇటూ చూస్తుంటే, మూలనున్న బక్కపలచటి కుర్రాడు చెయ్యెత్తాడు. "మడమకి తగిలిందండి, నేను సచ్చాను" అని బరి బయటికి నడిచాడు. ఆ పాయింటుతోనే వాళ్ల జట్టు ఓడింది. ఆట ముగిశాక, అంతకు ముందు తనను నేలకు పడేసిన కుర్రాడే వచ్చి అతని వీపుకంటిన గడ్డిపరకలు దులిపాడు.

ఆ ఒప్పుకోలు, ఆ దులపడం ఎక్కడినుంచి వచ్చాయి? ఏ పుస్తకం నేర్పింది? ఒంటికి ఒళ్లు తగిలే ఆటల్లో మర్యాద ఎలా పుట్టిందో వెతుక్కుంటూ పోతే దారి మన కళ్లాల దగ్గర మొదలై, ఇంగ్లండులోని రగ్బీ అనే ఊరి బడిదాకా పోయి, మళ్లీ మన విజయనగరం కోట ముందుకే తిరిగొస్తుంది.

గుక్క అందరికీ, తాకిడి ఇద్దరికే

చెడుగుడు వయసు ఎవరూ లెక్కగట్టలేరు. పద్మవ్యూహంలో ఒంటరిగా చొరబడిన అభిమన్యుడితో దీనికి చుట్టరికం కలిపి చెప్పుకుంటారు. అది కథ. మనకు చెడుగుడు, మహారాష్ట్రులకు హుతుతు, బెంగాలీలకు హాడుడు. పేరు ఏదైనా ఆట ఒకటే: ఒక్కడు గుక్క పట్టి అవతలి నేల మీదికి వెళ్లాలి, తాకాలి, గుక్క తెగకముందే ఇంటికి రావాలి.

ఈ ఆటకు రెండు సాక్ష్యాలు కావాలి. ఒకటి కూత. అది ఊరందరికీ వినపడుతుంది, తెగితే దాచలేరు. రెండోది తాకిడి. అది ఇద్దరికే తెలుస్తుంది, తాకినవాడికీ తాకించుకున్నవాడికీ. వందల ఏళ్లు రిఫరీ లేకుండా, ఈల లేకుండా ఈ ఆట సాగిందంటే ఆ రెండో సాక్ష్యాన్ని ఆటగాళ్లే పలికారు కాబట్టి. తగిలిందని ఒప్పుకోనివాడితో మర్నాడు ఎవరూ ఆడరు. చెడుగుడు మర్యాద పుట్టింది ఈ అవసరంలోంచే. అది ఆటకు పైన తొడిగిన నగ కాదు, ఆటకు ఎముక.

మోకాళ్ల కింద తన్నుల నుంచి

రగ్బీ కథ కూడా ఇలాగే నడిచింది. 1823లో విలియం వెబ్ ఎల్లిస్ అనే విద్యార్థి బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తడంతో ఆ ఆట పుట్టిందంటారు. అదీ మన అభిమన్యుడి కథలాంటిదే. రగ్బీ బడి పిల్లలు తమ నిబంధనలను మొదటిసారి కాగితం మీద పెట్టింది మాత్రం 1845లో. అప్పట్లో తగవొస్తే రెండు జట్ల నాయకులే మాట్లాడుకుని తేల్చేవారు.

ఆ ఆటలో ఒక మోటు అలవాటుండేది. బంతితో పరుగెత్తేవాడి మోకాళ్ల కింద బూటుకాలితో తన్నడం. 1863లో లండన్‌లో ఫుట్‌బాల్ నిబంధనలు రాసుకునేటప్పుడు ఈ తన్నుడు ఉండాలా వద్దా అన్నదాని మీదే పెద్ద గొడవైంది. తన్నడం మానేస్తే ఆటలో మగతనమే పోతుందని బ్లాక్‌హీత్ క్లబ్బు ఆ సంఘాన్ని విడిచి బయటికొచ్చింది. ఎనిమిదేళ్లకు, 1871లో, 21 క్లబ్బులు కలిసి రగ్బీ ఫుట్‌బాల్ యూనియన్‌ను స్థాపించుకుని రాసుకున్న నిబంధనల్లో అదే తన్నుడును నిషేధించాయి. దెబ్బ తగలని ఆట కాదది. కానీ కావాలని దెబ్బతీయడం వేరు, ఆడుతూ దెబ్బ తగలడం వేరు అని వాళ్లు తెలుసుకున్నారు.

ఆ ఆట ఎంత మోటుగా కనపడుతుందో, దాని నడవడి అంత కట్టుదిట్టం. రిఫరీని "సర్" అని పిలుస్తారు. ఆయన నిర్ణయం మీద ఎదురు మాట్లాడితే శిక్షగా జట్టు మరో పది మీటర్లు వెనక్కి జరగాలి. భుజాలకు పైన పట్టుకుంటే తప్పు. గాలిలోకి లేపినవాడిని క్షేమంగా నేల మీదికి దించే పూచీ లేపినవాడిదే. ఆట ముగిశాక రెండు వరుసలుగా నిలబడి ఎదుటి జట్టును చప్పట్లతో సాగనంపడం, ఆపైన కలిసి తినడం ఆనవాయితీ.

ఈ ఆట మన దేశానికీ ముందుగానే వచ్చింది. 1872 క్రిస్మస్ రోజున కలకత్తాలో ఆడారు, మరుసటి ఏడాది క్లబ్బు పెట్టారు. కొన్నేళ్లకే ఆడేవాళ్లు కరువై అది మూతపడింది. బ్యాంకులో మిగిలిన డబ్బును సభ్యులు పంచుకు తినలేదు. 270 వెండి రూపాయలు తీసి కరిగించి, నాగుపాములే పిడులుగా, మూత మీద ఏనుగుతో ఒక కప్పు చేయించి ఇంగ్లండుకు పంపారు. 1879 నుంచి ఇంగ్లండు, స్కాట్లండు ఆ కలకత్తా కప్పు కోసమే తలపడుతున్నాయి. ఈ కాలానికొస్తే, మన ఇచ్ఛాపురం దాటగానే వచ్చే ఒడిశాలో, భువనేశ్వర్‌లోని కళింగ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌లో చదివే గిరిజన పిల్లలు రగ్బీని తమ ఆటగా చేసుకున్నారు. 2007లో లండన్‌కు వెళ్లి పద్నాలుగేళ్లలోపు పిల్లల టోర్నీ గెలిచొచ్చారు.

1936: విజయనగరం నేర్పిన పాఠం

అమెచ్యూర్ అన్న మాట ఒకప్పుడు రగ్బీకి ప్రాణం. జీతానికి కాక ప్రేమకు ఆడేవాడని అర్థం. పని మానుకుని వచ్చే గని కూలీలకు ఆ రోజు కూలి ఇవ్వాలా వద్దా అన్న దగ్గరే 1895లో ఆట రెండుగా చీలింది. కూలి ఇవ్వొద్దన్న యూనియన్ రగ్బీలో జీతాలకు తలుపు తెరిచింది 1995లో, సరిగ్గా వందేళ్లకు. కానీ డబ్బు పుచ్చుకోనంత మాత్రాన పెద్దమనిషి అవుతాడా? దీనికి జవాబు మన విజయనగరం చరిత్రలోనే ఉంది.

విజ్జీగా పేరుపడ్డ విజయనగరం మహారాజకుమార్ 1936లో భారత క్రికెట్ జట్టుకు నాయకుడై ఇంగ్లండు వెళ్లారు. ఆయన క్రికెట్‌కు చేసిన మేలు తక్కువేం కాదు. హాబ్స్, సట్‌క్లిఫ్ వంటి మేటి ఆటగాళ్లను మన దేశానికి రప్పించి ఆడించిన మనిషి. కానీ ఆ పర్యటనలో జట్టు ముక్కలైంది. లాలా అమర్‌నాథ్‌ను మధ్యలోనే ఇంటికి పంపేశారు. మన తెలుగువాడు, తొలి టెస్టు నాయకుడు సి.కె. నాయుడు జట్టులో ఉండీ పక్కన పెట్టినట్టయ్యారు. మూడు టెస్టుల్లో విజ్జీ చేసిన పరుగులు 33. తర్వాత బొంబాయి ప్రధాన న్యాయమూర్తి జాన్ బోమాంట్ ఆధ్వర్యంలో విచారణ జరిపిన కమిటీ నాయకత్వాన్నే తప్పుపట్టి, అమర్‌నాథ్ మీద మచ్చ లేదని తేల్చింది.

అదే 1936 వేసవిలో బెర్లిన్ ఒలింపిక్స్ సందర్భంగా విదర్భలోని అమరావతికి చెందిన హనుమాన్ వ్యాయామ ప్రసారక మండలి కుర్రాళ్లు ప్రపంచం ముందు మన చెడుగుడును కబడ్డీ పేరుతో ఆడి చూపించారు. ఒకపక్క హోదా ఉండీ బరి మర్యాద చెదిరిన జట్టు, మరోపక్క హోదా ఏమీ లేక కూత ఒక్కటే పట్టుకుని వెళ్లిన జట్టు. ఆట మర్యాద వంశంతో రాదు, బిరుదుతో రాదు. బరిలో దిగిన ప్రతిసారీ కొత్తగా సంపాదించుకోవాలి.

బలానికీ ఇదే మాట వర్తిస్తుంది. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో వ్యాయామ శిక్షకుడిగా పనిచేసి, ఆపైన సర్కస్ పెట్టి దేశాలు తిరిగిన కోడి రామమూర్తి నాయుడిని కలియుగ భీముడన్నారు. కార్లను ఆపిన ఆ బలాన్ని జనం తలుచుకుంటారు. నేను మాత్రం ఆయనను పిల్లలకు వ్యాయామం నేర్పిన పంతులుగా తలుచుకుంటాను. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. నెల్లిమర్ల దగ్గరి కొండవెలగాడ వెయిట్‌లిఫ్టర్ల ఊరు. ఆ ఊరి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో మూడో స్థానంలో నిలిచింది. మొదట నిలిచిన అమ్మాయి నిషిద్ధ మందు వాడిందని తేలాక సంతోషికి వెండి పతకం వచ్చింది. ఎత్తిన బరువు అప్పుడూ అదే, ఇప్పుడూ అదే. నిజాయితీ విలువ కాస్త ఆలస్యంగానైనా తూకానికొచ్చింది.

మర్యాద నిబంధనైన తీరు

కళ్లంలో నోటి మాటగా ఉన్నది కాగితం మీదికి రావడానికి చాలా కాలం పట్టింది. 1923లో బరోడాలో హింద్ విజయ జింఖానా కబడ్డీ నిబంధనలకు ఒక రూపమిచ్చి అఖిల భారత పోటీ పెట్టింది. 1950లో జాతీయ సమాఖ్య వచ్చింది. ఆ తరువాత వచ్చిన సంఘం పేరులో నేటికీ ఆ పాత మాట ఉంది: అమెచ్యూర్ కబడ్డీ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా. 1990లో బీజింగ్ ఆసియా క్రీడల్లో పతకాల ఆటగా చేరింది.

ఆ నిబంధనలను ఒకసారి నెమ్మదిగా చదవండి. గోళ్లు కత్తిరించుకుని రావాలి. ఒంటికి నూనె రాసుకోకూడదు. నగలు పెట్టుకోకూడదు. కూతగాడి నోరు మూసి గుక్క తెంపకూడదు, గొంతు నొక్కకూడదు. జుట్టు, బట్టలు పట్టి లాగకూడదు. కాళ్లతో కత్తెర పట్టు వేయకూడదు. వీటిలో ఆటను పదునెక్కించేది ఒక్కటీ లేదు. దాదాపు ప్రతి ఒక్కటీ ఎదుటివాడి చర్మాన్ని, ఊపిరిని, ఎముకను కాపాడేదే. మాట వినకపోతే ఆకుపచ్చ కార్డు హెచ్చరిక, పసుపు కార్డుకు రెండు నిమిషాలు బయట, ఎర్ర కార్డుకు ఇంటికి. మోకాళ్ల కింద తన్నుడు మానుకున్న రగ్బీ కూడా ఇక్కడికే వచ్చి చేరింది. ఎదుటివాడు రేపు కూడా ఆడగలగాలి అన్నదే రెండు ఆటల తొలి సూత్రం.

ఇప్పుడు పెద్ద పోటీల్లో తాకిడిని కెమెరా పట్టేస్తోంది. కానీ మన ఊళ్ల బరుల్లో కెమెరా లేదు. అక్కడ పండుగ పోటీలకు నగదు బహుమతులు పెరిగాయి, పందేలు పెరిగాయి, తగిలినా తగల్లేదని వాదించేవాళ్లూ పెరిగారు. ఒక పాయింటు కోసం రెండు ఊళ్లు మాట్లాడుకోవడం మానేసిన సంగతులు నేను ఎరుగుదును. ఆ పాయింటు ఎవరికీ గుర్తు లేదు, తగవు మాత్రం మిగిలింది.

అందుకే వ్యాయామ ఉపాధ్యాయులకూ, పోటీలు పెట్టే ఊరి పెద్దలకూ నా మనవి ఒకటుంది. ఈ సంక్రాంతికి గెలిచిన జట్టుకు కప్పు ఇవ్వండి. దాంతోపాటు తనకు తగిలిందని తానే చెయ్యెత్తిన కుర్రాడిని మైకు ముందుకు పిలిచి, పేరు పెట్టి, ఒక తువ్వాలు కప్పండి. పెద్ద ఖర్చేమీ కాదు. వచ్చే ఏడాది కళ్లంలో చెయ్యెత్తేవాళ్లు ఇద్దరవుతారు.