జెలసీ, ఎన్వీ, ఎస్టీ లిస్టు



ఎస్టీ లిస్టు గొడవ వచ్చినప్పుడల్లా మనలో ఒక మాట తిరుగుతాంటుంది: "వాళ్ళకు మనమంటే జెలసీ." అవతలోళ్ళు మనల్నీ అదే అంటారు. ఇంగ్లీషులో దీని పక్కనే ఎన్వీ అని ఇంకో మాట ఉంది. రెండూ ఒకటి కాదు.

ఎన్వీ లాటిన్ 'ఇన్విడియా' నుంచి వచ్చింది. చెడు చూపు చూడటం అని దాని మూలం, మన 'కళ్ళు కుట్టడం' లాంటిదే. వాడికున్నది నాకు లేదే అనే మంట. జెలసీ గ్రీకు 'జీలోస్' నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. నాకున్నది ఎవరన్నా పట్టుకపోతారేమో అనే కాపలా భయం. షేక్స్‌పియర్ ఒథెల్లో నాటకంలో, కాసియోకు దక్కిన పదవి తనకు రాలేదని ఇయాగో పడేది ఎన్వీ. భార్య చేజారిందని ఒథెల్లో పడేది జెలసీ. ఇప్పటి ఇంగ్లీషోళ్ళు జెలసీని రెండింటికీ వాడేస్తారులెండి. మన ఈర్ష్య, అసూయ, కుళ్ళు అన్నీ ఎక్కువగా ఎన్వీ వైపే. కాపలా భయానికి ఆలుమగల మధ్యయితే 'అనుమానం' అంటాం, అంతే.

వజ్రకరూరులో తొలకరి పడితే చాలు, పొలాల్లో జనం రాళ్ళు ఏరతారు. పక్కోడికి వజ్రం దొరికితే మనకు పుట్టేది ఎన్వీ. విత్తనమేసిన చేలో జనం దిగుతారని కాపలా కూర్చున్న రైతుది జెలసీ.

ఇప్పుడు లిస్టు. 1956 ఉత్తర్వులోనే మన అనంతపురం వైపు సుగాలీలు ఎస్టీలు. బోయలు ఇక్కడ బీసీలు. పక్కనే బళ్ళారిలో నాయకులు 1991 నుంచి ఎస్టీలు. అటు చూసి ఇక్కడి బోయలు "మాకెందుకు లేదు" అంటాండారు. అది ఎన్వీయే, అయితే దాని కింద న్యాయమైన ప్రశ్న కూడా ఉంది. 2023 మార్చిలో అసెంబ్లీ వాళ్ళకోసం తీర్మానం చేసింది, గిరిజన సంఘాలు నిరసనకు దిగాయి. ఉన్న 6 శాతంలోనే ఇంకొందరు కూర్చుంటారన్న మన భయం అచ్చంగా జెలసీ. దాన్ని కుళ్ళు అంటే మాత్రం ఒప్పుకోం.

మరి ఆదిలాబాద్ సంగతేంది? తెలంగాణ జిల్లాల్లో లంబాడాలు లిస్టులోకి వచ్చింది 1976 సవరణ చట్టంతో. 2017లో గోండులు, కోలాములు వాళ్ళను తీసేయాలని ఉద్యమం చేశారు. చదువులు, ఉద్యోగాలు అన్నీ లంబాడాలే తీసుకుంటాండారనేది వాళ్ళ వాదన. తీసేయాలనడాన్ని మేం ఒప్పుకోం. అయినా ఆ రోజు మనోళ్ళు చానామంది దాన్ని "కుళ్ళు" అని కొట్టిపారేశారు. బోయల విషయంలో మనం పడే భయం, అక్కడ గోండులు పడే భయం ఒకటే జాతి.

లిస్టులో చేర్చడం, తీసేయడం 342వ అధికరణం కింద పార్లమెంటు చేతిలో ఉంది. తీర్మానం ఢిల్లీకి పోయింది. కొత్తవాళ్ళు వస్తే ఆ 6 శాతం ఎంతకు పెంచుతారో మాత్రం మనల్ని గానీ, బోయల్ని గానీ కూర్చోబెట్టి ఎవరూ చెప్పలేదు.