తండా అంటే మొదట్లో ఊరు కాదు! లంబాడీల కథ, కొడకండ్ల వైపు నుంచి

ఫోన్‌లో జనగామ జిల్లా మ్యాప్ తెరిచి కొడకండ్ల దగ్గర కొంచెం జూమ్ చేయండి. ఊళ్ల పేర్ల మధ్యలో తండాల పేర్లు కనిపిస్తాయి. పక్కనే ఉన్న దేవరుప్పుల, పాలకుర్తి వైపు కూడా అంతే. తండా అంటే లంబాడీలు ఉండే చిన్న పల్లె అని మనందరికీ తెలుసు. కానీ ఒకప్పుడు ఆ మాటకు అర్థం పల్లె కాదు, సరుకు మోసుకుంటూ నడిచే ఎడ్ల బిడారు. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే లంబాడీల కట్టుబాట్లు ఎందుకు అలా ఉన్నాయో అర్థమవుతుంది.

1632లో పీటర్ మండీ అనే ఇంగ్లీషు వ్యాపారి ఆగ్రా నుంచి పట్నా వెళ్తూ దారిలో ఒక తండాను చూశాడు. 14,000 ఎడ్లు, వాటి మీద ధాన్యం! ఆడవాళ్లు, పిల్లలు కూడా వెంటే. అంటే ఇల్లు, వ్యాపారం రెండూ కలిసే నడుస్తున్నాయి. మొఘల్ సైన్యాలకు తిండిగింజలు చేర్చింది వీళ్లే. 1791-92లో టిప్పు సుల్తాన్ మీదికి వెళ్లిన కార్న్‌వాలిస్ సైన్యానికి కూడా బంజారాల ఎడ్లే దిక్కయ్యాయి.

ఇప్పుడు ఆలోచించండి. అన్ని ఎడ్లు, అంతమంది మనుషులు, రోజుకో చోట మకాం. పోలీస్ స్టేషన్ లేదు, కోర్టు లేదు. మరి గొడవ వస్తే ఎవరు తీర్చాలి? నేను చేసిన సాఫ్ట్‌వేర్ జాబ్‌లో టీమ్ లీడ్, మేనేజర్ అని ఒక వరుస ఉండేది కదా, తండాలో కూడా అలాంటి వరుసే ఉంది. పైన నాయక్, ఆయనకు తోడుగా కార్‌భారీ, వాళ్లతో పాటు పెద్దమనుషులు. పంచాయితీ కూర్చుంటే దాన్ని 'నసాబ్' అంటారు. తప్పు చేసినవాడికి జరిమానా, మరీ పెద్ద తప్పయితే వెలి. అయితే ఈ పంచాయితీలో మాట మగవాళ్లదే. నాయక్ పదవి కూడా ఎక్కువగా తండ్రి నుంచి కొడుక్కే వచ్చేది.

రెండోది గోత్. రాథోడ్, చౌహాన్, పమార్, వడిత్యా అని పెద్ద గోత్‌లు ఉంటాయి. ఒక్కో దాని కింద ఎన్నో ఇంటిపేర్లు. ఉదాహరణకు మూడ్, లావుడ్యా, కొర్రా ఇవన్నీ చౌహాన్ కిందికే వస్తాయి. ఇంటిపేర్లు వేరైనా వీళ్లు అన్నదమ్ముల లెక్క, మధ్యలో పెళ్లి కుదరదు. సంబంధం ఇంకో గోత్‌లో వెతకాలి. దీని వల్ల దూరదూరంగా తిరిగే తండాల మధ్య చుట్టరికాలు కలిశాయి. ఏ దారిలో వెళ్లినా ఎక్కడో ఒకచోట మనవాళ్లు ఉంటారన్నమాట! ఈ వంశాల లెక్క కాగితం మీద లేదు. ధాడీలు పాటలుగా పాడుతూ గుర్తుపెట్టుకున్నారు.

తర్వాత రైలు వచ్చింది. 1880ల్లో సికింద్రాబాద్ నుంచి జనగామ మీదుగా వరంగల్‌కు, అక్కడి నుంచి బెజవాడకు పట్టాలు పడ్డాయి. ఎడ్ల మీద నెలలు పట్టే సరుకు రోజుల్లో చేరిపోతుంటే బిడారుకు పనేముంది? తండాలు ఆగిపోయాయి. అడవి అంచుల్లో, బీడు భూముల్లో గుడిసెలు వేసుకుని పశువులు, సాగు మొదలుపెట్టారు. మనుషులు ఆగినా పేరు మారలేదు, నాయక్ మారలేదు.

కానీ ఆగిన చోట భూమి మీద పెత్తనం దొరలది. దేవరుప్పుల దగ్గర ధర్మాపురంలో లంబాడీలు సాగు చేసుకుంటున్న భూముల మీద విసునూరు దేశ్‌ముఖ్ కన్ను పడింది. జాటోత్ ఠాను నాయక్, ఆయన అన్నదమ్ములు, తండా జనం ఎదురుతిరిగారు. అదే ప్రాంతంలో 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య చనిపోయాడు, సాయుధ పోరాటం రగిలింది. ఆ పోరాటంలోనే 1950లో ఠాను నాయక్ ప్రాణం పోయింది. బిడారు రోజుల నుంచి కలిసి నడవడం అలవాటైన జనం దొర ముందు కూడా కలిసే నిలబడ్డారు. నాకు ఈ కథలో అన్నిటికంటే పెద్ద విషయం ఇదే.

1976 చట్ట సవరణతో తెలంగాణ లంబాడీలు షెడ్యూల్డ్ తెగల్లో చేరారు. 2018లో వెయ్యికి పైగా తండాలు, గూడేలు సొంత గ్రామ పంచాయతీలయ్యాయి. ఇప్పుడు నిధులు, సంతకాలు సర్పంచ్ చేతిలో. అక్కడ మహిళలకు రిజర్వేషన్ ఉంది. నసాబ్‌లో దొరకని కుర్చీ పంచాయతీ ఆఫీసులో దొరికింది. ఇది మంచి మార్పే.

పోతున్నది మాత్రం భాష. గోర్ బోలీ మన తెలుగు కుటుంబానిది కాదు. హిందీ, సింధీల లాగా ఇండో ఆర్యన్ భాష. సొంత రాష్ట్రం లేకపోయినా సింధీకి 1967లో రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లో చోటు దొరికింది. గోర్ బోలీకి ఇంకా దొరకలేదు, సొంత లిపి కూడా లేదు. గోత్‌ల లెక్క, బిడారు దారులు, ఠాను నాయక్ కథ అన్నీ పెద్దవాళ్ల నోట్లోనే ఉన్నాయి. మీది తండా అయితే ఈ ఆదివారం తాతనో, అమ్మమ్మనో కూర్చోబెట్టి ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేయండి. "మన గోత్ ఏంటి? మనం ఎటు నుంచి వచ్చాం?" ఈ రెండు ప్రశ్నలు అడగండి చాలు, మిగతాది వాళ్లే చెప్తారు.