మరకూ నట్టుకూ నడుమ

మర అంటే మనకు యంత్రం. మరమేకు ఒంటిని చుట్టుకొని పోయే గాడి కూడా మరే. యంత్రనిర్మాణ చరిత్ర చదువుతుంటే మన భాష ఈ రెంటికీ ఒకే పేరు పెట్టడం ఎంత ఉచితమో అనిపిస్తుంది.

తెలుగు పండితుడికి ఈ ఇనుప గొడవ ఎందుకని మిత్రులు అడగవచ్చు. పదవీ విరమణానంతరం బల్లమీద ఇమిడే చిన్న లేతు ఒకటి సమకూర్చుకొన్నాను. దాని క్రాస్‌స్లైడు పిడిని ముందుకు తిప్పి, వెంటనే వెనక్కు తిప్పితే, కొంతమేర పిడి తిరుగుతుందే కాని కోతపనిముట్టు కదలదు. మరకూ నట్టుకూ నడుమనున్న ఖాళీ వల్ల కలిగే ఈ దోషమే బ్యాక్‌లాష్. పనివారు 'ప్లే' అంటారు. దీనితో పెనుగులాడిన పూర్వులెవరా అని వెదకుతూ 18వ శతాబ్దపు లండన్ చేరాను.

అక్కడ జెస్సీ రామ్స్‌డెన్ అనే పరికరాల తయారీదారుకు ఎదురైన సమస్య నావికుల ప్రాణాలకు సంబంధించినది. చంద్రునికీ నక్షత్రానికీ నడుమ కోణాన్ని సెక్స్టాంటుతో కొలిచి రేఖాంశం గణించే పద్ధతిలో, ఒక్క కళ, అనగా డిగ్రీలో 60వ వంతు, తప్పితే భూమధ్యరేఖ వద్ద ఓడ స్థానం సుమారు 30 నాటికల్ మైళ్ళు తప్పుతుంది. కనుక సెక్స్టాంటుపై గీతలు గీసే యంత్రంలో ఖాళీ ఉండరాదు. రామ్స్‌డెన్ చక్రం వ్యాసం 45 అంగుళాలు, పళ్ళు 2160. వాటితో పెనవేసుకొన్న మర ఒక చుట్టు తిరిగితే చక్రం 10 కళలు జరుగుతుంది. కాలితో తొక్కితే మర ముందుకు తిరుగుతుంది. కాలు తీస్తే త్రాడు వెనక్కు పోతుంది గాని మర కదలదు. ఎప్పుడూ ఒకే దిశ! ఖాళీ ఉన్నా అది ఎల్లవేళలా ఒకే ప్రక్కన ఉండిపోతుంది. ఈ ఉపాయంలోని సరళత్వం నన్ను ముగ్ధుణ్ణి చేసింది. 1777లో రేఖాంశ మండలి అతనికి 615 పౌండ్లు ఇచ్చి, యంత్రరహస్యాన్ని అచ్చు వేయించింది.

హెన్రీ మాడ్‌స్లే పేరు లేతు పట్టినవారందరికీ తెలిసినదే. 1797లో సొంత కార్ఖానా పెట్టుకొన్న ఈయన లీడ్‌స్క్రూను కీర్తించేవారు నట్టును మరచిపోతారు. ఆయన చేసిన ఒక మర పొడవు 5 అడుగులు, అంగుళానికి 50 చుట్లు. దాని నట్టు 12 అంగుళాలు! 600 చుట్లు ఒకేసారి పట్టుకొంటే ఏ ఒక్కదాని వంకరా పైకి రాదు, అరుగుదలా మెల్లగా సాగుతుంది. నా దృష్టిలో ఘనత నట్టుదే.

1882లో అమెరికాలో హెన్రీ రోలండ్, కాంతిని విడదీసే గీతలు గీసే యంత్రానికై, ముక్కలుగా చీల్చిన పొడవైన నట్టులో మరను ఎమరీపొడితో, నూనెతో దినాల తరబడి అరగదీశాడు. అంగుళానికి 14,438 గీతలు సాధించాడు.

నా లేతులోనిదీ చీలిక నట్టే. చిన్న మరమేకుతో బిగించవచ్చు. అయితే మర నడిమిభాగం ఎక్కువ అరుగుతుంది. అక్కడికి సరిపోయేలా బిగిస్తే, అరగని కొసల వద్ద పట్టేస్తుంది. అందుచేత కొసల వద్ద సాఫీగా తిరిగేటంతే బిగించి, మిగిలిన ఖాళీని ఉండనిచ్చాను. గీత దాటినప్పుడు మాత్రం ఒక పూర్తి చుట్టు వెనక్కు తిప్పి, మళ్ళీ ముందుకే వస్తున్నాను.