ముభావం ఏనాడు జబ్బయింది? స్కిజాయిడ్ అనే మాట నడిచిన దారి

నేను వైద్యవృత్తిలో ఉన్న కాలంలో అప్పుడప్పుడు కొందరు తల్లిదండ్రులు వయసొచ్చిన బిడ్డను వెంటబెట్టుకుని వచ్చేవారు. జ్వరం లేదు, నొప్పి లేదు. "మావాడు ఎవరితోనూ కలవడు డాక్టరు గారూ. పండగకు పదిమంది వస్తే గదిలోకి పోయి తలుపేసుకుంటాడు. మెచ్చుకుంటే పొంగడు, తిడితే కుంగడు" అని చెప్పేవారు. అతడు బయటికి వెళ్ళాక గొంతు తగ్గించి అసలు ప్రశ్న అడిగేవారు: "ఇది పిచ్చికి మొదలు కాదు గదా?"

పాఠకులారా, ఈ ప్రశ్న ఆ తల్లిదండ్రులది మాత్రమే కాదు. నూరేళ్ళకు పైగా ఐరోపా మనోవైద్యులను వేధించిన ప్రశ్న కూడా ఇదే. వారు తొలుత చెప్పిన జవాబులో సగం పొరపాటు ఉంది. స్కిజాయిడ్ వ్యక్తిత్వ లోపం అంటే ఏమిటో తెలుసుకోవాలంటే ఆ పొరపాటు కథ తెలియాలి.

కథ స్విట్జర్లాండులో మొదలవుతుంది. జ్యూరిక్ నగరంలోని బుర్గ్‌హోల్జ్లి మానసిక చికిత్సాలయానికి 1898 నుండి అధిపతిగా ఉన్న యూజెన్ బ్లాయిలర్ అంతకుముందు పన్నెండేళ్ళు రైనౌ అనే చోట రోగుల నడుమనే నివసించాడు. వారితో కలిసి పనిచేస్తూ, వారి మాటలు ఓపికగా వింటూ గడిపిన మనిషి. 1908లో బెర్లిన్‌లో చేసిన ప్రసంగంలో 'స్కిజోఫ్రెనియా' అనే పేరును లోకానికి ఇచ్చింది ఆయనే. 'ఆటిజం' అనే మాట కూడా ఆయన సృష్టే, అయితే ఆనాడు దాని అర్థం వేరు: లోకం నుండి మరలి తనలోకి తాను ముడుచుకోవడం. రోగుల అన్నదమ్ములలో, తల్లిదండ్రులలో భ్రమలు గాని భ్రాంతులు గాని లేకపోయినా, అదే ముడుచుకుపోయే గుణం పలుచగా కనిపించడం ఆయన గమనించాడు. ఆ గుణానికి ఆ చికిత్సాలయంలో వాడుకలోకి వచ్చిన పేరే 'స్కిజాయిడ్', అంటే స్కిజోఫ్రెనియాను పోలినది. చిక్కు ఇక్కడే పడింది. ఒక స్వభావానికి పేరు పెట్టేటప్పుడే దాని మెడలో ఒక జబ్బు పేరు కట్టారు.

1921లో ఎర్న్‌స్ట్ క్రెష్మర్ అనే జర్మన్ వైద్యుడు శరీరాకృతికీ స్వభావానికీ సంబంధం ఉందంటూ ఒక గ్రంథం ప్రకటించాడు. బక్కపలుచని పొడగరులు ఒంటరి స్వభావులనీ, బొద్దుగా గుండ్రంగా ఉన్నవారు కలుపుగోలు మనుషులనీ ఆయన సిద్ధాంతం. ఈనాడు దానిని ఎవరూ పట్టించుకోరు. (ఎం.బి.బి.ఎస్. చదివేటప్పుడు మేము మాత్రం దానిని బట్టీ పట్టాము.) ఆ గ్రంథంలో మరొక మాట మాత్రం నేటికీ నిలిచింది. స్కిజాయిడ్ మనిషి కేవలం మొద్దుబారినవాడు కాడు, అతనిలో అతి సున్నితత్వమూ నిర్లిప్తతా ఏదో ఒక పాళ్ళలో కలిసే ఉంటాయి అన్నాడు క్రెష్మర్. పైకి తామరాకు మీది నీటిబొట్టులా కనిపించే మనిషి లోపల ఎంతో నొచ్చుకుంటూ ఉండవచ్చునన్న మాట.

అయితే ఆయనే మామూలు ఒంటరి స్వభావం, స్కిజాయిడ్ స్వభావం, స్కిజోఫ్రెనియా మూడింటినీ ఒకే నిచ్చెన మీది మెట్లుగా చూపాడు. అలా చూస్తే ముభావంగా ఉండే ప్రతి మనిషీ మొదటి మెట్టు మీద నిలుచున్నవాడే గదా! 1920లలో జర్మనీలోని వంశపారంపర్య పరిశోధకులు రోగుల కుటుంబాలలో ఇటువంటి స్వభావాల కోసం వెదకసాగారు. 1933లో హిట్లర్ ప్రభుత్వం 'వంశపారంపర్య రోగాలు' ఉన్నవారికి బలవంతంగా సంతాన నిరోధక శస్త్రచికిత్సలు చేయించే చట్టం తెచ్చింది. ఆ చట్టంలో స్కిజోఫ్రెనియా ఉంది, స్కిజాయిడ్ స్వభావం పేరు లేదు. కాని స్వభావాన్ని రక్తంలోని దోషంగా చూసే ఆలోచన ఏ గట్టు మీదికి చేరుతుందో ఆ చట్టమే చూపింది. దాని కింద సుమారు 4,00,000 మంది సంతానయోగ్యతను కోల్పోయారు. ఆ అర్జీల మీద సంతకాలు పెట్టినవారిలో ఎందరో నా వంటి వైద్యులే.

అదే కాలంలో మాస్కోలో ఒక వైద్యురాలు వేరొక దారిన నడిచింది. గ్రూన్యా సుఖరేవా, 1891లో కీవ్‌లో పుట్టిన బాలల మనోవైద్యురాలు. ఆమె ఆరుగురు మగపిల్లలను ఒక చికిత్సా పాఠశాలలో చాలాకాలం దగ్గరగా పరిశీలించి 1925లో రష్యన్ భాషలో, మరుసటి ఏడు జర్మన్ భాషలో ప్రకటించింది. వారిని 'స్కిజాయిడ్' పిల్లలనే పిలిచింది. తోటి పిల్లలతో ఆడరు, నడకలో చేతలలో ఒక విధమైన తడబాటు ఉంటుంది, చేసిందే చేస్తారు, కొందరికి సంగీతంలో చక్కని ప్రజ్ఞ. ఆమె చూసిన ముఖ్యమైన సంగతి ఏమంటే, ఈ పిల్లల స్థితి కాలం గడిచేకొద్దీ దిగజారలేదు. అంటే ఇది స్కిజోఫ్రెనియాకు తొలిమెట్టు కాదు. వారికి ఆమె చేయించిన చికిత్సలో వ్యాయామం, వడ్రంగం వంటివి ఉండేవి, పిల్లలు వాటితో మెరుగుపడ్డారు కూడా.

ఆ వ్యాసం దశాబ్దాల పాటు మరుగున పడింది. 1996లో ఎడింబరోలో బాలల మనోవైద్యురాలైన సులా వోల్ఫ్ దానిని ఆంగ్లంలోకి తెచ్చాక, సుఖరేవా వర్ణించినది నేడు మనం ఆటిజం అంటున్నదానినేనని లోకానికి తెలిసింది. వియన్నాలో హాన్స్ ఆస్పెర్గర్ తన ప్రసిద్ధ వ్యాసం రాసింది 1944లో! వోల్ఫ్ తానుగా కూడా ఇటువంటి ఒంటరి పిల్లలను పెద్దవారయ్యేదాకా గమనించి 1995లో ఒక పుస్తకం రాసింది. వారిలో స్కిజోఫ్రెనియా వచ్చినవారు కొద్దిమందే. అధికులు ఉద్యోగాలు చేసుకుంటూ తమ బతుకు తాము బతికారు.

ఎడింబరో ఈ కథలో మరొకసారి కూడా వస్తుంది. రొనాల్డ్ ఫెయిర్‌బెయిర్న్ అనే మనోవిశ్లేషకుడు 1940లో అక్కడే కూర్చుని స్కిజాయిడ్ మనస్తత్వం గురించి రాశాడు. తన ప్రేమ ఎదుటివారికి అక్కరలేదనీ, అది వారికి కీడు చేస్తుందనీ పసితనంలోనే అనిపించిన బిడ్డ, పెద్దయ్యాక ప్రేమను చూపడమే మానుకుంటాడని ఆయన భావన. ఆయన వద్ద తానే విశ్లేషణ చేయించుకున్న హ్యారీ గంట్రిప్ 1968లో దీనిని ఇంకా విస్తరించాడు. దగ్గరైతే మింగేస్తారన్న భయం, దూరమైతే శూన్యమన్న భయం, ఈ రెండింటి మధ్య ఊగిసలాట. ప్రతి స్కిజాయిడ్ మనిషికీ ఇది వర్తిస్తుందని నేననను. బాల్యంలో ఏ లోటూ లేకుండా ఇలా ఉన్నవారినీ చూశాను. కాని వారిని లోపలి నుండి చూడడానికి వీరు ప్రయత్నించారని ఒప్పుకోవాలి.

డెన్మార్క్‌లో దత్తత వెళ్ళిన పిల్లల మీద 1960లలో సాగిన పరిశోధనలు పాత నిచ్చెనను కొంత సరిదిద్దాయి. స్కిజోఫ్రెనియా రోగుల రక్తసంబంధీకులలో కనిపించినది వింత ఆలోచనలు, విపరీత నమ్మకాలతో కూడిన స్వభావం. 1980లో అమెరికా మనోవైద్యుల సంఘం తన మూడవ వర్గీకరణలో ఆ స్వభావాన్ని 'స్కిజోటైపల్' అని వేరు చేసింది. పదిమందిలో కలవాలని కోరిక ఉండి, తిరస్కారానికి జడిసి ఆగిపోయేవారిని మరొక తరగతిగా విడదీసింది. ఇక మిగిలినవారు, దగ్గరితనమే కోరనివారు, స్కిజాయిడ్ అయ్యారు. కుటుంబంతో సహా ఎవరితోనూ సాన్నిహిత్యం కోరకపోవడం, ఏ పనికైనా ఏకాంతాన్నే ఎంచుకోవడం, చాలా తక్కువ విషయాలలోనే ఆనందం పొందడం, పొగడ్త తెగడ్తలు రెండూ ఒకటే కావడం, ముఖంలో భావాలు కనిపించకపోవడం ముఖ్య లక్షణాలు. యౌవనం నాటికే మొదలై జీవితమంతటా పరచుకుని, మనిషికి ఇబ్బంది కలిగిస్తేనే దానిని లోపమనాలి. ఏకాంతాన్ని ఇష్టపడడం ఒక్కటే జబ్బు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుండి అమలులోకి తెచ్చిన పదకొండవ వర్గీకరణ 'స్కిజాయిడ్' అనే తరగతినే తీసివేసింది. వ్యక్తిత్వ ఇబ్బంది ఎంత తీవ్రమో చూసి, 'ఎడంగా ఉండే గుణం' ఉందని పక్కన రాస్తే చాలునంటుంది. నా మట్టుకు నాకు ఇది మంచి మార్పే.

మరి చికిత్స? ఈ స్వభావానికంటూ ప్రత్యేకించిన మందు ఏదీ లేదు. తోడుగా కుంగుబాటు గాని ఆందోళన గాని ఉంటే వాటికి మందులు పనిచేస్తాయి. అసలు చికిత్స సంభాషణే. అదీ తొందర లేకుండా, ఆ మనిషికి ఎంత ఎడం కావాలో అంత ఎడం ఇస్తూ సాగాలి. కొన్ని నెలల పాటు వాతావరణం గురించో, అతనికి ఇష్టమైన యంత్రాల గురించో మాట్లాడుతూ గడిచినా అది వృథా కాదు. సామూహిక చికిత్స కొందరికి మేలు చేస్తుంది, కాని బలవంతంగా కూర్చోబెడితే మరునాటి నుండి రారు. సుఖరేవా చేయించినట్లు చేతిపని ద్వారా మనుషుల పక్కకు చేరడం నేటికీ మంచి దారి. "పెళ్ళి చేస్తే అదే కుదురుకుంటుంది" అనే మన ఇళ్ళలోని చికిత్స మాత్రం ఏ గ్రంథంలోనూ లేదు. దాని వల్ల ఇద్దరు ఒంటరివారు తయారవడం నేను కళ్ళారా చూశాను.

ఆ తల్లిదండ్రులకు నేను చెప్పిన జవాబు ఇది. చిన్ననాటి నుండి ఇలాగే ఉండి, తన పని తాను చేసుకుంటూ, తిండీ నిద్రా సరిగా ఉంటే ఇది పిచ్చికి మొదలు కాదు, అతని గది తలుపు అతనికి వదలండి. అలా కాక నిన్నటి దాకా నలుగురిలో తిరిగిన మనిషి కొద్ది నెలలలో ముడుచుకుపోయినా, ఎవరో తనను వెంటాడుతున్నారన్నా, లేని మాటలు వినిపిస్తున్నాయన్నా, బతకాలని లేదన్నా అది స్వభావం కాదు. ఆలస్యం చేయక మనోవైద్యుని చూడాలి. ఊళ్ళో మనోవైద్యుడు లేకపోతే ప్రభుత్వ టెలిమానస్ సేవకు 14416 నంబరుకు ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.